మాంచెస్టర్ నుంచి రాసిన అమ్మాయికి: మంత్రవిద్య, భయం, వెతుకులాట గురించి

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నీకు 23 ఏళ్లు. విశాఖ నుంచి మాంచెస్టర్‌కి ఎమ్మెస్సీ చదవడానికి వచ్చావు. అమ్మమ్మ పోయాక గుడికి వెళ్లినా ఏమీ అనిపించడం లేదని, రీల్స్ చూసి జోస్యం చెప్పే టారో కార్డులు, కొవ్వొత్తులు, పౌర్ణమి పూజలు మొదలుపెడితే చాలా రోజుల తర్వాత మనసు కదిలిందని రాశావు. మంత్రవిద్యను పాటించే ఆధునిక మతం విక్కాలో దీక్ష తీసుకోవాలని ఉందన్నావు. సంగతి తెలిసిన దగ్గర్నుంచి మీ అమ్మ "అప్పు చేసి పంపింది చేతబడి నేర్చుకోవడానికా" అని ఏడుస్తోంది. ఆన్‌లైన్‌లో ఒకావిడ నీ మీద వంశశాపం ఉందని, అది తీయడానికి 350 పౌండ్లు ఇమ్మని అడుగుతోంది. ఇవన్నీ చెప్పి, అడుగున రెండు లైన్లలో అసలు సంగతి పెట్టావు. ఫ్లాట్‌మేట్ మీద కోపంతో ఆమె పేరు కాగితం మీద రాసి, నీళ్లలో వేసి ఫ్రీజర్‌లో పెట్టావు. తొమ్మిదో రోజు ఆమె సైకిల్ మీంచి పడి చెయ్యి విరిగింది. అప్పటినుంచి నీకు నిద్ర లేదు.

నేను పుట్టింది రాజమండ్రి దగ్గర. మాంచెస్టర్ పక్కనున్న లాంకషైర్‌కి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అందులో పంతొమ్మిదేళ్లు ఒక చిన్న విక్కా బృందంలో ఉన్నాను. నా కూతురు నీకంటే రెండేళ్లు పెద్దది, అందుకే నువ్వు అని పిలుస్తున్నాను, ఏమీ అనుకోకు.

చివరి సంగతితోనే మొదలుపెడతాను. ఆ చెయ్యి నువ్వు విరగ్గొట్టలేదు. నవంబరు వానలో మాంచెస్టర్ రోడ్ల మీద సైకిల్ జారి పడేవాళ్లు ఏటా ఎంతమందో. ఆ కాగితం ఫ్రీజర్‌లోంచి తీసి, మంచు కరిగాక నీళ్లు సింకులో పోసి, కాగితం చెత్తబుట్టలో వేసెయ్. దానికి వేరే మంత్రం, విరుగుడు ఏమీ అక్కర్లేదు. తర్వాత ఆ అమ్మాయి గది తలుపు తట్టి, ఒంటిచేత్తో ఏం చేసుకోలేకపోతోందో అడిగి ఆ పని చేసిపెట్టు. ఆమె మీద నీకున్న కోపం నిజమైనదే, గిన్నెలు కడగదని, రాత్రిళ్లు ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతుందని రాశావు. ఆ మాట నోరు తెరిచి ఆమెతో అనలేక కాగితంతో చెప్పావు. నువ్వు సరిచేసుకోవాల్సింది ఇదొక్కటే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మాంచెస్టర్‌కి ఉత్తరాన ఒక కొండ ఉంది, పెండిల్. 1612 మార్చిలో ఆ కొండ ప్రాంతానికి చెందిన ఎలిజన్ డివైస్ అనే పేదింటి పిల్ల కోల్న్ ఊరి దగ్గర దారిలో జాన్ లా అనే తిరుగు వ్యాపారిని గుండుసూదులు అడిగింది. అతను ఇవ్వలేదు. ఆమెకు కోపం వచ్చింది. కాసేపటికే అతను కుప్పకూలాడు, ఒక పక్క పడిపోయింది. ఇప్పుడైతే పక్షవాతం అంటాం. ఎలిజన్ మాత్రం తన కోపమే అతన్ని పడేసిందని నమ్మింది. అతని దగ్గరికి తీసుకెళితే తప్పు ఒప్పుకుని క్షమించమని వేడుకుంది. ఆ ఒప్పుకోలుతో మొదలైన విచారణ ఊరూరికీ పాకింది. ఊళ్లో అందరూ మంత్రగత్తె అనుకునే వాళ్ల అమ్మమ్మ తీర్పు దాకా కూడా బతకలేదు, లాంకాస్టర్ కోట చెరసాలలోనే చనిపోయింది. తొమ్మిదేళ్ల చెల్లెలు జెనెట్‌ని కోర్టులో నిలబెట్టి తల్లి మీద, అన్న మీద సాక్ష్యం చెప్పించారు. ఆగస్టు 20న పదిమందిని ఉరితీశారు. అందులో ఎలిజన్ ఒకతె.

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. తన మనసులో పుట్టిన కోపానికీ బయట జరిగిన ఘటనకూ మధ్య ఒక తాడు ఉందని మనస్ఫూర్తిగా నమ్మింది. నీ రెండు లైన్లు చదివినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆమే. మంత్రవిద్యలో నేను చూసిన అసలు ప్రమాదం ఇదే. దయ్యాలూ పిశాచాలూ కాదు. జరిగిందంతా నావల్లే జరిగిందని, లేదా ఎవరో చేయబట్టే నాకిలా జరిగిందని అనుకోవడం. మొదటిది మనిషిని లోపల తినేస్తుంది. రెండోది ఊళ్లలో ఆడవాళ్లను చంపిస్తుంది.

నేనూ ఆ గుంటలో పడ్డాను. 2009లో అమ్మకు కిడ్నీలు పాడై రాజమండ్రిలో డయాలసిస్ జరుగుతోంది. వెంటనే వెళ్లడానికి సెలవు దొరకలేదు. ఏడు రాత్రులు వరసగా నా చుట్టూ పూజా వలయం గీసి, కొవ్వొత్తి వెలిగించి, అమ్మ కోలుకోవాలని కూర్చున్నాను. ఎనిమిదో రోజు అమ్మ పోయింది. చంద్రుడు క్షీణించే రోజుల్లో మొదలుపెట్టాను కాబట్టే ఇలా అయిందని, ఒక రాత్రి ఇంట్లో మాట్లాడిస్తే మధ్యలో లేచాను కాబట్టే ఫలించలేదని నెలల తరబడి నన్ను నేను కోసుకున్నాను. మా బృందంలో ఒక పెద్దావిడ ఉండేది, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైంది. నా నోట్‌బుక్ తెమ్మంది. ఏ రాత్రి ఎన్ని గంటలకు వెలిగించానో, ఏ నూనె రాశానో, చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో అన్నీ వరసగా ఉన్నాయి అందులో. ఆవిడ పేజీలన్నీ తిప్పి చూసి, "మీ అమ్మతో మాట్లాడినవి ఎక్కడ రాశావు?" అని అడిగింది. ఆ ఏడు రోజుల్లో నేను రెండుసార్లే ఫోన్ చేశాను.

అక్కడితో ఈ దారి వదిలేస్తానేమో అనుకున్నాను. వదల్లేదు, కానీ చేసే తీరు మారింది. ఇప్పుడు ఎవరి కోసమైనా దీపం పెట్టే ముందు, వాళ్ల కోసం చేతులతో చేయాల్సింది ఏముందో చూసి అది పూర్తిచేస్తాను. ఆ తర్వాతే దీపం.

ఇక నువ్వు అడిగిన పెద్ద ప్రశ్న, ఇది నిజమైన ఆధ్యాత్మిక మార్గమేనా అని. రీల్స్‌లో దీన్ని వేల ఏళ్ల నాటి ప్రాచీన మతం అంటారు. అది నిజం కాదు, ఆ సంగతి ముందే తెలిస్తే నీకు మేలు. విక్కాను లోకానికి తెలియజేసినవాడు జెరాల్డ్ గార్డ్‌నర్, 1884లో పుట్టిన ఆంగ్లేయుడు. చిన్న వయసులోనే సిలోన్ తేయాకు తోటలకు వెళ్లాడు, ఆ తర్వాత బోర్నియో మీదుగా మలయా చేరి, అక్కడ కస్టమ్స్ ఉద్యోగం చేసి 1936లో రిటైరయ్యాడు. 1939లో దక్షిణ ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో ఒక పాత మంత్రగత్తెల బృందం తనకు దీక్ష ఇచ్చిందని చెప్పేవాడు. 1735 నాటి విచ్‌క్రాఫ్ట్ చట్టం 1951లో రద్దయింది, 1954లో మంత్రవిద్య మీద ఆయన పుస్తకం వచ్చింది. క్రైస్తవానికి ముందున్న మతమే రహస్యంగా బతికి వచ్చిందన్న వాదం మార్గరెట్ ముర్రే అనే పండితురాలు 1921లో చేసింది, గార్డ్‌నర్ దాని మీదే నిలబడ్డాడు. తర్వాతి చరిత్రకారులు పాత విచారణ రికార్డులు తిరగేసి ఆ వాదం నిలవదని తేల్చారు. ఎలిజన్ లాంటివాళ్లు ఏ రహస్య మతానికీ చెందినవాళ్లు కారు. బీదవాళ్లు, ఊళ్లో ఎవరికీ గిట్టనివాళ్లు.

అంటే ఇది మా అమ్మ కంటే పెద్దగా పాతదేమీ కాదు. అయినా నాకు ఇందులో విలువ కనిపించింది, అందుకు కారణం డోరీన్ వాలియంటే. 1953లో గార్డ్‌నర్ దగ్గర దీక్ష తీసుకున్నప్పుడు ఆమెకు 31 ఏళ్లు. ప్రాచీనమని చెప్పి ఆయన ఇచ్చిన ప్రార్థనల్లో ఆ కాలపు మాంత్రికుడు ఆలిస్టర్ క్రౌలీ రాసిన వాక్యాలను ఆమె గుర్తుపట్టింది, మొహమాటపడకుండా ఆయన ముఖం మీదే ఆ మాట చెప్పింది. అంతకంటే బాగా రాయగలిగితే రాయమన్నాడాయన. ఆమె రాసింది. దేవి తన భక్తులతో మాట్లాడినట్టు సాగే ఆ వచనాన్నే ఈరోజుకీ బృందాల్లో చదువుకుంటారు. 1957 ప్రాంతంలో గార్డ్‌నర్ ఉన్నట్టుండి "పురాతన నియమాలు" అంటూ కొన్ని బయటికి తీశాడు. వాటి ప్రకారం వయసు మళ్లిన పూజారిణి చిన్నవాళ్లకు చోటిచ్చి తప్పుకోవాలి. అప్పటిదాకా ఎవరికీ చూపించని ఈ నియమాలు ఎక్కడివని అడిగి, డోరీన్ తనవాళ్లతో కలిసి బయటికి వచ్చేసింది. దేవిని మాత్రం వదల్లేదు, 1999లో పోయేదాకా ఆ ఉపాసనలోనే ఉంది. బ్రైటన్‌లో ఆమె ఉన్న భవనానికి 2013లో నీలిరంగు స్మారక ఫలకం పెట్టారు. గురువు చెప్పిందాన్ని పరీక్షించడం, నచ్చనిది నచ్చలేదనడం, అయినా భక్తి పోగొట్టుకోకపోవడం. వెతుకులాట అంటే నాకు ఆమె గుర్తొస్తుంది.

ఇందులో చేసేదేమిటో నీకు కొంత తెలుసు. పౌర్ణమికి కలుస్తారు, ఏడాదికి ఎనిమిది పండుగలు. వలయం గీసి, తూర్పున గాలిని, దక్షిణాన అగ్నిని, పడమట నీటిని, ఉత్తరాన భూమిని పిలుస్తారు. పని అయ్యాక అందరూ రొట్టె, వైన్ పంచుకుని, పిలిచినవాటికి కృతజ్ఞత చెప్పి వలయం విప్పుతారు. మొదటిసారి ఇది చూసినప్పుడు నా ఒళ్లు జలదరించింది, కొత్తగా అనిపించి కాదు. మా అమ్మమ్మ శుక్రవారం లలితా సహస్రనామం మొదలుపెట్టే ముందు న్యాసం చేసి, చివర "భూర్భువస్సువరోమితి దిగ్బంధః" అని తల చుట్టూ చిటిక వేసేది. పూర్తయ్యాక దిగ్విమోకం. దిక్కులు కట్టడం, విప్పడం. చిన్నప్పటినుంచి వింటున్నా దాని అర్థం ఏమిటని నేనెప్పుడూ అడగలేదు. ఇంగ్లండ్‌లో ఒక తడిసిన పొలంలో నిలబడ్డప్పుడు తెలిసింది. నువ్వు గుడిలో ఏమీ అనిపించడం లేదన్నావు. మీ అమ్మమ్మతో వెళ్లిన గుడి అది, ఆవిడ పోయి ఏడాది కూడా కాలేదు. అక్కడ నీకు ఖాళీగా ఉండటం భక్తి పోవడమో, దుఃఖమో ఇప్పుడే తేల్చకు. ఆవిడ ఏ రోజు ఏ దీపం పెట్టేదో, దిష్టి తీసేటప్పుడు ఏమనేదో మీ అమ్మని అడిగి రాసిపెట్టుకో. రెండూ పక్కపక్కన ఉంచుకోవచ్చు. నేను అట్లతద్దీ చేస్తాను, పౌర్ణమికి వలయంలోనూ నిలబడతాను.

ఒక మాట మధ్యలో. నువ్వు భారతీయురాలివని తెలియగానే కొన్ని బృందాల్లో "కాళిని నువ్వు పిలువు" అంటారు. నన్నూ అడిగారు. నేను పిలవలేదు. మా ఇంట కాళి ఉపాసన లేదు, నాకు తెలియని తల్లిని చర్మం రంగు చూసి నాతో పిలిపించడం నాకు సబబనిపించలేదు. నీకూ ఆ ఇబ్బంది వస్తే కుదరదని చెప్పు.

దీక్షకు తొందరపడకు. మంచి బృందాలు ఏడాది మీద ఒక రోజు ఆగమంటాయి, ఆ ఏడాదిలో వాళ్లు నిన్ను చూస్తారు, నువ్వు వాళ్లను చూస్తావు. గార్డ్‌నర్ సంప్రదాయంలో దీక్షకు డబ్బు తీసుకోవడం తప్పు. హాలు అద్దెకో, రొట్టెకో తలా కొంచెం వేసుకోవడం వేరు. ఈ సంప్రదాయంలో కొన్ని బృందాలు బట్టలు లేకుండా పూజ చేస్తాయి, ఆ సంగతి దాచకుండా ముందే చెబుతాయి. నీకు ఇష్టం లేకపోతే అది నీ చోటు కాదు, ఇంకో బృందం చూసుకో. దీక్ష పేరుతో శరీరాన్ని అడిగేవాడు, "ఇది ఎవరికీ చెప్పకు" అనేవాడు ఎంత పేరున్నవాడైనా సరే, ఆ రోజే బయటికి వచ్చెయ్, అవసరమైతే పోలీసులకు చెప్పు. ముందుగా మూట్‌లకు వెళ్లు, నెలకోసారి ఏదో ఒక పబ్బులో జరిగే బహిరంగ కలయికలివి. నువ్వు తాగనక్కర్లేదు, ఆరెంజ్ జ్యూస్ పట్టుకుని కూర్చోవచ్చు. 1971లో మొదలైన పేగన్ ఫెడరేషన్ (విక్కా లాంటి ప్రకృతి ఆరాధన మార్గాలను పేగన్ అంటారు) ద్వారా వాటి వివరాలు తెలుస్తాయి. 2021 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్ కలిపి సుమారు 74,000 మంది పేగన్ అని, 13,000 మంది విక్కా అని రాసుకున్నారు. కాబట్టి మనుషులు దొరుకుతారు, రీల్స్ మీదే ఆధారపడక్కర్లేదు.

ఆ 350 పౌండ్ల ఆవిడను బ్లాక్ చెయ్. మొదట శాపం ఉందని చెప్పేదీ ఆవిడే, తర్వాత తీస్తాననేదీ ఆవిడే. ఇప్పుడు డబ్బిస్తే వచ్చే నెల ఇంకో ముడి కనబడిందంటుంది. మన ఊళ్లలో తాయెత్తులు కట్టేవాళ్లు చేసేదీ ఇదే, భాష ఒక్కటే తేడా. మీ అమ్మమ్మ చావు, నీ ఒంటరితనం, నిద్ర లేకపోవడం, ఇవన్నీ నువ్వే ఆవిడకు చెప్పి ఉంటావు. వాటినే తిరిగి శాపంగా నీకు అమ్ముతోంది.

నిద్ర గురించి కూడా. మూడు వారాలుగా రాత్రి మూడింటిదాకా మేలుకుని కార్డులు వేస్తున్నానన్నావు. కార్డులు పక్కన పెట్టు. ఎన్నిసార్లు వేసినా అవే 78 బొమ్మలు, అలసిన మనసుకు ప్రతి బొమ్మలోనూ ఉరుము కనిపిస్తుంది. యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కి అపాయింట్‌మెంట్ పెట్టుకో, జీపీకి, అంటే నువ్వు పేరు రాయించుకున్న డాక్టరుకి చెప్పు. ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తున్నా, ఎవరో వెంటపడుతున్నట్టు ఉన్నా అదే రోజు చెప్పు. నాకు తెలిసిన మంచి బృందం ఏదీ నిద్ర లేని మనిషిని వలయంలో నిలబెట్టదు.

రోజూ చేసేది చిన్నగా ఉండనీ. హాస్టల్ గదిలో కొవ్వొత్తి వెలిగిస్తే ఫైర్ అలారం మోగొచ్చు, చాలా హాళ్లలో నిషేధం కూడా. గిన్నెలో నీళ్లు పెట్టుకుని దాని ముందు పది నిమిషాలు కూర్చో, చాలు. అథామే అనే నల్లపిడి కత్తి కొనాలని అడిగావు. అది దేన్నీ కోయడానికి కాదు, వలయం గీయడానికే, ఆ పని చూపుడువేలు కూడా చేస్తుంది. ఈ దేశంలో సరైన కారణం లేకుండా అలాంటి కత్తి బ్యాగులో పెట్టుకుని వీధిలో తిరగడం నేరం. మతపరమైన కారణం చట్టంలో ఉన్నా, అది పోలీసుకు నడిరోడ్డు మీద వివరించే టెన్షన్ నీకెందుకు.

నోట్‌బుక్ మాత్రం ఈరోజే మొదలుపెట్టు. కోరుకున్నది, చేసింది, జరిగింది, జరగనిది, అన్నీ రాయి. జరగనివి తప్పకుండా రాయి, మనసు వాటిని ముందుగా మరిచిపోతుంది. ఇంకో గడి గీసుకుని, అదే విషయం కోసం మంత్రంతో సంబంధం లేకుండా చేసిన పని రాయి. ఫోన్ చేశానా, అప్లికేషన్ పంపానా, సారీ చెప్పానా. ఆరు నెలలకు ఆ గడి చూసుకుంటే నువ్వేం వెతుకుతున్నావో నీకే కొంత తెలుస్తుంది. నాకు తెలిసింది ఏమిటంటే, నేను శక్తి కోసం రాలేదు. ఆకాశం వైపు చూస్తూ నలుగురితో కలిసి మౌనంగా నిలబడటం కోసం వచ్చాను.

పండుగల గురించి ఒక చిన్న మాట. ఆ ఎనిమిదీ ఈ దేశపు వాతావరణంలో పుట్టినవి. ఆగస్టు 1న ఇక్కడ గోధుమ కోతల పండుగ, అప్పటికి మన దగ్గర ఇంకా వరి నాట్లు పడుతుంటాయి. చదువు అయ్యి నువ్వు విశాఖ వెళ్లిపోతే ఆ క్యాలెండర్ పట్టుకుని కూర్చోకు. ఏరువాక, సంక్రాంతి, కార్తీక పౌర్ణమి ఉన్నాయి, సముద్రం ఉంది.

మీ అమ్మ సంగతి ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. ఆవిడ మూర్ఖంగా భయపడటం లేదు. ఇంగ్లండ్‌లో విచ్ అని మెడలో గొలుసు వేసుకుని తిరిగితే ఎవరూ పట్టించుకోరు. మన దగ్గర మంత్రగత్తె, బాణామతి అన్న మాటకు మనుషులను కొట్టి చంపిన ఊళ్లున్నాయి. డాయన్, అంటే మంత్రగత్తె అని ముద్రవేసి ఆడవాళ్లను వేధించడం ఆగకే జార్ఖండ్ 2001లో ప్రత్యేక చట్టం తెచ్చుకుంది. అక్కడే అలా ముద్రపడి ఊరు విడిచిన చుట్నీ మహతో, అలాంటి ఆడవాళ్లకే అండగా నిలిచి 2021లో పద్మశ్రీ అందుకుంది. మీ అమ్మ మాట వెనుక ఈ భయమే ఉంది. నీ పేరుతో, మీ ఊరి పేరుతో ఈ పూజల వీడియోలు ఏవీ పెట్టకు, ఉన్నవి తీసెయ్. దాని దెబ్బ నీకంటే ముందు ఊళ్లో ఒంటరిగా ఉన్న మీ అమ్మకు తగులుతుంది. ఆవిడకు విక్కా, కోవెన్ (ఇక్కడ బృందాన్ని అనే మాట) అనే మాటలు వద్దు. "పౌర్ణమికి దీపం పెట్టుకుని కూర్చుంటున్నానమ్మా, అమ్మమ్మ గుర్తొస్తోంది, ఎవరికీ చెడు తలపెట్టను" అను. ఆ చివరి మాట అబద్ధం కాకూడదంటే ఫ్రీజర్ ముందు ఖాళీ చెయ్. ఆదివారం ఫోన్ చేసి ఇది చెప్పు, మెసేజ్ పెట్టకు.

నిద్ర కుదుటపడ్డాక ఒక శనివారం పెండిల్‌కి వెళ్లిరా. మాంచెస్టర్ విక్టోరియా నుంచి క్లిథరోకి రైలుంది. కొండ కింద బార్లీ అనే చిన్న ఊరు, చాలామంది అక్కడినుంచే ఎక్కుతారు. క్లిథరో నుంచి అక్కడికి బస్సులు తక్కువ, టైములు ముందే చూసుకో. కొండ ఎత్తు 557 మీటర్లు, బార్లీ వైపు చివర రాతి మెట్లు బాగా నిటారుగా ఉంటాయి. పైన గాలి కోసేస్తుంది, మందపాటి కోటు వేసుకో, ఈ నెలల్లో నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి ఉదయాన్నే బయల్దేరు. ఆ ఫ్లాట్‌మేట్ చెయ్యి అప్పటికి నయమైతే, వస్తావా అని ఆమెనూ అడుగు.